డిపాజిట్ దక్కని అభ్యర్థి రికార్డును పోలింగ్ బూత్‌ల వారీగా చదివితే: ఒక బెంగళూరు కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆయన అనుమతి తీసుకున్నాను. పేరు, పార్టీ, నియోజకవర్గం, గుర్తు ఏవీ చెప్పను. ఆయనకు పడిన ఓట్ల అంకెలు కూడా ఇవ్వను. ఫలితాలన్నీ ఎన్నికల సంఘం బయటపెట్టినవే కాబట్టి ఒక్క అంకె పట్టుకుని వెతికినా మనిషి ఎవరో తెలిసిపోతుంది. కేసు అర్థం కావడానికి అక్కర్లేని వివరాలు ఒకటి రెండు మార్చాను. సెక్షన్లు, గడువులు, ఎన్నికల తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నా పని గురించి ఒక మాట. బెంగళూరులో చిన్న పార్టీల వాళ్ళకు, ఇండిపెండెంట్లకు నామినేషన్ పేపర్లు, ఫారం 26 అఫిడవిట్ (ఆస్తులు, అప్పులు, కేసులు చెప్పే ప్రమాణపత్రం), ఎన్నికల ఖర్చుల రిజిస్టరు చూసిపెడతాను. పెద్ద పార్టీలకు ఇవన్నీ చూసుకునే లాయర్లు, ఆడిటర్లు ఉంటారు. చిన్న పార్టీ అభ్యర్థికి ఎవరూ ఉండరు. రిటర్నింగ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని పక్కవాడిని చూసి ఫారం నింపుకునేవాళ్ళే ఎక్కువ. ఈ కేసు గురించి రాయాలనిపించడానికి కారణం, వరసగా ఓడిపోయే మనిషి రికార్డును ఎవరూ చదవరు. పేరు పక్కన ఓట్లు, దాని పక్కన "డిపాజిట్ గల్లంతు", అంతే. ఆ రికార్డులో ఆయనకు పనికొచ్చే సమాచారం ఎంతో ఉంది, అది మొత్తం ఓట్ల అంకెలో కనపడదు.

నేపథ్యం

ఆయనకు అరవై దాటాయి. తాతల కాలంలో కోలారు వైపు నుంచి వచ్చి నగరం ఆగ్నేయ భాగంలో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, అవసరమైతే తమిళం. చిన్న వ్యాపారం ఉంది, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. నమోదైంది కానీ గుర్తింపు లేని ఒక పార్టీలో మొదటి నుంచీ ఉన్నారు. 2004 నుంచి ప్రతి అసెంబ్లీ ఎన్నికలో, మధ్యలో లోక్‌సభకు, కార్పొరేషన్ వార్డుకు కూడా నిలబడ్డారు. అన్నింటిలోనూ డిపాజిట్ పోయింది.

నమోదు వేరు, గుర్తింపు వేరు, ఈ తేడా తెలియకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ కింద దరఖాస్తు పెట్టుకుంటే పార్టీ నమోదవుతుంది. గుర్తింపు రావాలంటే ఓట్లలోనో సీట్లలోనో నిర్ణీత వాటా తెచ్చుకోవాలి. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి నామినేషన్ మీద ఒక్క ప్రతిపాదకుడు చాలు, గుర్తు ఎప్పుడూ ఒకటే ఉంటుంది. గుర్తింపు లేని పార్టీ అభ్యర్థికి ఆ నియోజకవర్గం ఓటర్లు పది మంది సంతకం చేయాలి, గుర్తు ఏది వస్తుందో చివరిదాకా తెలియదు. ఈ పది సంతకాల నిబంధన 1996 సవరణతో వచ్చింది. ఆ ఏడాది నల్గొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీళ్ళ మీద నిరసనగా 480 మంది బరిలో నిలిచారు, తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది. డిపాజిట్లు పెంచిందీ అప్పుడే. ఇప్పుడు అసెంబ్లీకి 10,000, లోక్‌సభకు 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం.

పదే పదే పోటీ చేసేవాళ్ళందరినీ ఒకే గాటన కట్టొద్దు. మన బెంగళూరులోనే హొట్టె పక్ష రంగస్వామి 86 సార్లు పోటీ చేసి రికార్డు పుస్తకాలకెక్కారు. మేట్టూరు పద్మరాజన్ 1988 నుంచి పోటీ చేస్తూనే ఉన్నారు, 1991 నంద్యాల ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావు మీద కూడా నిలబడ్డారు. వాళ్ళకు పోటీ చేయడమే లక్ష్యం. ఈయన అలా కాదు, ప్రతిసారీ గెలవాలనే నిలబడ్డారు. సలహా ఇచ్చే ముందు ఈ తేడా తేల్చుకోవాలి. రికార్డు కోసం నిలబడేవాళ్ళకు బూత్ లెక్కలు చూపించి ప్రయోజనం లేదు.

ఆయన తెచ్చిన సమస్య

2018 అసెంబ్లీ ఎన్నికల తర్వాత ఆయన నా దగ్గరికి వచ్చారు, చేతిలో ఎన్నికల సంఘం నోటీసు. ఖర్చుల లెక్క దాఖలు చేయలేదు, సెక్షన్ 10ఎ కింద మిమ్మల్ని ఎందుకు అనర్హులుగా ప్రకటించకూడదో చెప్పండి అని దాని సారాంశం. కానీ ఆయన అడిగింది దాని గురించి కాదు.

"తమ్ముడూ, నాకు ఓట్లు ఎందుకు పెరగడం లేదు? 2013లో ఒక్కసారి బాగా పెరిగినాయి. మళ్ళీ అట్ల ఎందుకు రాలేదు?"

రెండూ ఒకేసారి మొదలుపెట్టలేం. నోటీసుకు 20 రోజుల్లో జవాబివ్వాలి. అనర్హత పడితే మూడేళ్ళపాటు ఏ చట్టసభకూ పోటీ చేయలేరు. మూడేళ్ళంటే అనర్హత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి లెక్క, కాబట్టి ఉత్తర్వు ఆలస్యమైతే వచ్చే ఎన్నిక కూడా చేజారే ప్రమాదం ఉంది. ఆ మాట చెప్పి, ఓట్ల సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

నోటీసు పని

ఈయన ఎక్కువ ఖర్చు పెట్టలేదు కాబట్టి లెక్క అక్కర్లేదనుకున్నారు. చాలామంది ఇలాగే అనుకుంటారు. చట్టంలో అలాంటి మినహాయింపు ఏమీ లేదు. సెక్షన్ 77 ప్రకారం లెక్క రాయాలి, సెక్షన్ 78 ప్రకారం ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. గెలిచినవాళ్ళకూ డిపాజిట్ పోయినవాళ్ళకూ ఒకటే గడువు. 2018లో ఫలితం మే 15న వచ్చింది, అంటే జూన్ 14లోపు ఇచ్చి ఉండాలి. ఆ నెలంతా ఆయన భార్య ఆపరేషన్‌తో ఆసుపత్రిలో ఉన్నారు.

రెండు దారులు కనపడ్డాయి. పార్టీ ఆఫీసులో ఒకరు, పోస్టులో పంపామని రాసేయండి అన్నారు. దానికి రసీదు లేదు. రసీదు లేని మాట రాస్తే జిల్లా అధికారి నివేదికతో అది సరిపోలదు, అప్పుడు నిజమైన కారణాన్ని కూడా నమ్మరు. అందుకే ఆలస్యం ఒప్పుకుని, కారణం చెప్పి, పూర్తి లెక్క జతచేయాలని నిర్ణయించాం. 10ఎ మాటలు చూస్తే "సరైన కారణం గానీ సమర్థన గానీ లేకుండా" లెక్క ఇవ్వకపోతేనే అనర్హత. కుటుంబ సభ్యుల అనారోగ్యం ఆసుపత్రి కాగితాలతో సహా చూపిస్తే అది కారణం కిందే వస్తుంది.

లెక్క మళ్ళీ కట్టడం మాత్రం కష్టమైంది. రిజిస్టరులో మూడు భాగాలుంటాయి: రోజువారీ లెక్కకు తెల్ల పేజీలు, నగదుకు గులాబీ రంగు పేజీలు, బ్యాంకుకు పసుపు పేజీలు. అదృష్టం ఏమిటంటే నామినేషన్‌కు ముందు తెరవాల్సిన ప్రత్యేక బ్యాంకు ఖాతా ఆయన తెరిచారు, డబ్బు చాలావరకు అందులోంచే కదిలింది. కరపత్రాలు వేసిన ప్రెస్ వాళ్ళ దగ్గర బిల్లు దొరికింది. సెక్షన్ 127ఎ ప్రకారం కరపత్రం మీద ప్రింటరు, పబ్లిషరు పేర్లు, చిరునామాలు ఉండాలి, అవి ఉన్నాయి కాబట్టి ప్రెస్‌ను పట్టుకోవడం తేలికైంది. మైకు కట్టిన ఆటోకు అనుమతి కాగితం ఉంది, అందులోని రోజుల్ని బట్టి బాడుగ లెక్క తేలింది. ఒక స్నేహితుడు సొంత డబ్బుతో బ్యానర్లు కట్టించాడు. ఆయన దాన్ని ఖర్చనుకోలేదు. డబ్బు ఎవరు కట్టినా అభ్యర్థికి తెలిసి జరిగింది కాబట్టి అదీ లెక్కలోకి రావాల్సిందే, రాశాం. జవాబు గడువులోపే వెళ్ళింది. కారణాన్ని అంగీకరించారు, అనర్హత పడలేదు.

రికార్డు పోగేయడం

ఆ తర్వాత ఓట్ల సంగతికి వచ్చాం. ఆయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది, ఏ ఏడు ఎక్కడ నిలబడ్డదీ, ఎన్ని ఓట్లు వచ్చిందీ అన్నీ చేత్తో రాసుకున్నారు. దాన్ని ఎన్నికల సంఘం నివేదికలతో పోల్చాను. చాలా చోట్ల సరిపోలేదు. ఒక ఎన్నికలో ఆయన ఇండిపెండెంట్ అని ఉంది. కారణం వెతికితే, పార్టీ ఇవ్వాల్సిన ఫారం బి నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు చేరలేదు. పది మంది ప్రతిపాదకులున్నారు కాబట్టి నామినేషన్ నిలబడింది, పార్టీ పేరు మాత్రం పోయింది. ఇంకో చోట అదే పేరున్న మరో వ్యక్తి ఓట్లను తనవిగా రాసుకున్నారు. కన్నడ జాబితాలో ఇంటిపేరు ముందుంది, ఇంగ్లీషు జాబితాలో వెనక ఉంది, అక్కడ పొరబడ్డారు. పోటీలో మిగిలిన అభ్యర్థుల జాబితా ఫారం 7ఎ, అందులో చిరునామా, గుర్తు ఉంటాయి. దాంతో పోల్చి చూశాకే ఏది ఎవరిదో తేలింది.

2004 రికార్డును పక్కన పెట్టాం. 2008లో నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. దేశంలోనే పెద్ద అసెంబ్లీ స్థానాల్లో ఒకటిగా ఉన్న ఉత్తరహళ్ళి ముక్కలైంది, బొమ్మనహళ్ళి, బీటీఎం లేఅవుట్, మహదేవపుర లాంటి కొత్త స్థానాలు వచ్చాయి. పాత అంకెను కొత్త అంకె పక్కన పెట్టి పెరిగాయనీ తగ్గాయనీ అనడానికి ఆధారం లేదు.

అప్పటికి ఆయన ప్రయత్నించినవి

నియోజకవర్గం మార్చడం మొదటిది. పట్టికలో చూస్తే ఒకే చోట వరసగా రెండుసార్లు నిలబడింది అరుదు. ఎందుకని అడిగితే "పార్టీ చెప్పింది" అన్నారు. పార్టీ ఎందుకు చెప్పిందో కూడా అర్థం చేసుకోవాలి. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులో గుర్తింపు లేని పార్టీలకు ఒక వెసులుబాటు ఉంది. అసెంబ్లీ మొత్తం స్థానాల్లో కనీసం 5 శాతం చోట్ల అభ్యర్థుల్ని నిలబెడతామంటే అందరికీ ఒకే గుర్తు అడగొచ్చు. కర్ణాటకలో 224 స్థానాలు. పన్నెండు మందిని వెతుక్కోవడం కూడా ఈ పార్టీకి కష్టమే. అందుకని ఎవరూ దొరకని చోటికి ఈయన్ని పంపేవాళ్ళు. ఇందులో పార్టీ లాభం పార్టీకి ఉంది. కానీ ప్రతిసారీ కొత్త చోట పది మంది ప్రతిపాదకుల్ని వెతకాలి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేత సంతకాలు పెట్టించాలి. ఒక ఎన్నికలో సంతకం పెట్టిన పది మందిలో ఎక్కువమంది ఒకే బూత్ ఓటర్లు, ఆ బూత్‌లో ఈయనకు పడిన ఓట్లు పదికి తక్కువ.

రెండోది తెలుగు ఓటు. దీని గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే బెంగళూరులో నిలబడే ప్రతి తెలుగు అభ్యర్థీ ఈ లెక్క వేస్తాడు. మారతహళ్ళి, హెచ్ఎస్ఆర్, సర్జాపుర రోడ్డు, కె.ఆర్. పురం, ఎక్కడ చూసినా తెలుగే వినపడుతుంది, మనకు ఓట్లకేం తక్కువ అని. ఈయన ఒకసారి తెలుగులో కరపత్రాలు వేయించి అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర పంచారు. ఆ బూతుల్లో దాదాపు ఏమీ రాలేదు. ఆ అపార్ట్‌మెంట్లలో ఉన్న మనవాళ్ళలో చాలామందికి ఓటు ఊళ్ళో ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ పోలింగ్ ఏప్రిల్ 11న, 2024లో మే 13న, ఆ వారాల్లో బెంగళూరు నుంచి వెళ్ళే బస్సుల్లో, రైళ్ళలో సీటు దొరకలేదంటే కారణం అదే. ఇక్కడ ఓటున్న తెలుగువాళ్ళు ఎవరంటే ఎక్కువగా ఈయనలాంటి పాత కుటుంబాలు, కోలారు, చిత్తూరు, అనంతపురం నుంచి ఎప్పుడో వచ్చినవాళ్ళు. వాళ్ళు ఇక్కడి నీళ్ళు, రోడ్లు, ఇంటి ఖాతా (కార్పొరేషన్ ఆస్తి రికార్డు) కాగితాలు, ఇక్కడి నాయకుడు చూసి ఓటేస్తారు. తెలుగులో అడిగారని వేయరు, వేయాలని ఆశించడమూ సరికాదు. వాళ్ళు ఈ ఊరి మనుషులు.

మూడోది గుర్తు. 2013లో ఆయనకు వచ్చిన గుర్తు మీద ఆయనకు గట్టి నమ్మకం. అది కలిసొచ్చిన గుర్తు, మళ్ళీ అదే తెచ్చిపెట్టు, ఎంత ఖర్చైనా పర్వాలేదు అన్నారు. నిజంగానే ఆ ఎన్నికలో ఆయన ఓట్లు మిగతావాటికంటే చాలా ఎక్కువ. అందుకే ముందు అది తేల్చాలనుకున్నాను.

ఫారం 20

కౌంటింగ్ అయ్యాక బూతుల వారీగా ఎవరికెన్ని ఓట్లో రాసే పత్రం ఫారం 20. ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో స్కాన్ కాపీలుంటాయి. ఓపిగ్గా టైపు చేసుకోవాలి, అక్కడక్కడ అంకెలు సరిగ్గా కనపడవు. ఇంకో చిక్కు, బూత్ నంబర్లు ఎన్నిక ఎన్నికకూ మారతాయి. ఓటర్లు పెరిగితే బూత్‌ను రెండు చేస్తారు, అప్పుడు తర్వాతి నంబర్లన్నీ జరుగుతాయి. నంబరుతో నంబరును పోలిస్తే తప్పుడు ముగింపుకొస్తాం. అందుకని నేను బూత్ ఉన్న భవనాన్ని పట్టుకుంటాను. ఫలానా ప్రభుత్వ పాఠశాలలోని బూతులన్నీ కలిపి ఒక వరస. స్కూలు అంత తేలిగ్గా మారదు.

2013, 2018 పట్టికలు పక్కపక్కన పెట్టాక తేడా కొట్టొచ్చినట్టు కనపడింది. 2013లో దాదాపు ప్రతి బూత్‌లోనూ కొన్ని ఓట్లున్నాయి, ఎక్కడా పెద్దగా లేవు, ఎక్కడా సున్నా లేదు. ఆయన అడుగుపెట్టని వీధుల్లోనూ, ఇల్లిల్లూ తిరిగిన వీధుల్లోనూ ఒకే తీరు. 2018లో మొత్తం ఓట్లు దాదాపు సగానికి పడిపోయాయి, చాలా బూతుల్లో సున్నా, ఒకటి, రెండు. కానీ మొత్తంలో సుమారు మూడో వంతు కేవలం మూడు స్కూలు భవనాల్లోనే పడింది. అవి ఆయన సొంత ఇంటి చుట్టుపక్కల స్కూళ్ళు. 2018లో పార్టీకి వేరే అభ్యర్థి దొరికిన కారణంగా ఈయన్ని ఎక్కడికీ పంపలేదు, సొంత చోటే నిలబడ్డారు.

దీన్ని ఇలా చదివాను. మనిషి తెచ్చుకున్న ఓటు ఎక్కడో ఒకచోట పోగవుతుంది, ఎందుకంటే మనిషి అన్ని చోట్లా ఉండలేడు. ఊరంతా సమానంగా పరుచుకున్న ఓటుకు ఊరంతటికీ సమానంగా ఉన్న కారణం ఏదో ఉండాలి. 2013లో అలాంటివి రెండున్నాయి. ఆయన గుర్తు గీతల్లో ఒక పెద్ద పార్టీ గుర్తును పోలి ఉంది. బ్యాలెట్ మీద ఆయన పేరు గుర్తింపు పొందిన పార్టీల వరసకు సరిగ్గా కింద వచ్చింది. బ్యాలెట్ మీద ముందు గుర్తింపు పొందిన పార్టీలు, తర్వాత గుర్తింపు లేనివి, చివర ఇండిపెండెంట్లు, ఏ గుంపుకా గుంపు అక్షరక్రమం. కన్నడ అక్షరాల లెక్కన ఆయన రెండో గుంపులో మొదట నిలిచారు. ఈ రెండింట్లో దేనివల్ల ఎన్నో విడదీసి చెప్పడం కుదరదు. అయితే రెండూ ఆయన ప్రచారంతో వచ్చినవి కావు.

గుర్తు పోలిక చిన్న విషయమేమీ కాదు. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో కారు గుర్తు అభ్యర్థి 5,219 ఓట్ల తేడాతో ఓడిపోయారు, అదే ఎన్నికలో రోడ్ రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా పడ్డాయి. ఆ గుర్తు మీద టీఆర్ఎస్ ఎన్నేళ్ళు కొట్లాడిందో తెలుగువాళ్ళందరికీ గుర్తే. పైగా 2015 నుంచి బ్యాలెట్ మీద అభ్యర్థి ఫొటో కూడా వేస్తున్నారు. 2013లో ఫొటో లేదు. అంటే అదే గుర్తు మళ్ళీ దొరికినా అంత గందరగోళం మళ్ళీ జరగకపోవచ్చు.

2018కి ఇంకో కొలబద్ద దొరికింది, నోటా. సుప్రీంకోర్టు తీర్పు 2013 సెప్టెంబరులో వచ్చింది, కర్ణాటక అసెంబ్లీ పోలింగ్ మేలోనే అయిపోయింది, అందువల్ల 2013 పట్టికలో నోటా లేదు. 2018లో ఉంది. బూత్ బూత్‌కూ నోటా పక్కన ఈయన ఓట్లు పెట్టి చూశాను. నోటాకంటే తక్కువ పడిన చోట ఆయన పేరు జనానికి తెలియదనే లెక్క. నోటాను దాటిన చోట్లన్నీ దాదాపు ఆ మూడు స్కూళ్ళూ, వాటి పక్క వీధులే.

ఆ వీధుల్లో ఆయన ఏం చేశారని అడిగితే, ప్రచారం పెద్దగా చేయలేదన్నారు. ఏళ్ళ తరబడి ఓటరు జాబితాలో పేరెక్కించే ఫారం 6 నింపిపెట్టారు, ముసలివాళ్ళకు సంధ్యా సురక్ష పింఛను కాగితాలు రాసిచ్చారు, కావేరి నీళ్ళ కనెక్షన్ కోసం వీధి మొత్తాన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు తిరిగారు. నోటు పుస్తకంలో ఇవేవీ లేవు. ఆయన దృష్టిలో ఇది ఎన్నికల పని కాదు.

ఈ పట్టిక చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"అంటే 2013 ఓట్లు నావి కావా?"

"కొన్ని మీవే ఉంటాయన్నా. ఎన్నో చెప్పలేం. ఈ మూడు స్కూళ్ళల్లో పడినవి మాత్రం ఖచ్చితంగా మీవే."

తర్వాత కొన్ని వారాలు రాలేదు. ఎవరికైనా కష్టమే. జీవితంలో ఒక్కసారి వచ్చిన మంచి అంకె అది, దాన్ని పట్టుకునే ఐదేళ్ళు గడిపారు. ఫోన్ చేసి ఒత్తిడి పెట్టకూడదనిపించింది. ఆయనే వచ్చి, ఇప్పుడేం చేద్దాం అన్నారు.

పనిచేయనివి

2019 లోక్‌సభకు నిలబడమని పార్టీ అడిగింది. వద్దన్నాం. కర్ణాటకలో ఒక లోక్‌సభ స్థానంలో ఎనిమిది అసెంబ్లీ స్థానాలుంటాయి. మూడు స్కూళ్ళ బలం అందులో ఎక్కడా కనపడదు, 25,000 రూపాయలు పోతాయి, ఖర్చుల రిజిస్టరు మరోసారి మొదలవుతుంది. పార్టీకి కోపం వచ్చింది, కొంతకాలం సంబంధాలు చెడ్డాయి.

మా ప్రణాళిక కార్పొరేషన్ ఎన్నిక. మూడు స్కూళ్ళ బలం వార్డులో కనిపిస్తుంది, ఆయన చేసేవీ వార్డు స్థాయి పనులే. బెంగళూరు కార్పొరేషన్ అయిన బీబీఎంపీ పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో ముగుస్తుంది కాబట్టి దానికి సిద్ధమయ్యాం. వీధుల వారీగా ఓటరు జాబితా, ఇంటికొకరి పేరు, అన్నీ తయారయ్యాయి. ఎన్నిక జరగలేదు. వార్డుల విభజన, రిజర్వేషన్లు, కోర్టు కేసులతో ఏళ్ళు గడిచాయి. ఆ జాబితాలో అద్దె ఇళ్ళవాళ్ళు చాలామంది మారిపోయారు, సగం పని మళ్ళీ చేయాల్సి వచ్చింది.

చిన్న పార్టీల పొత్తు ఒకటి ప్రయత్నించారు. ఎవరి గుర్తు మీద నిలబడాలన్న దగ్గరే ఆగిపోయింది.

2023లో చేసింది

అసెంబ్లీ ఎన్నిక మే 10న. నిలబడాలా వద్దా అని చాలా మాట్లాడుకున్నాం. డిపాజిట్ లక్ష్యంగా పెట్టుకోవద్దని ముందే చెప్పాను. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ వెనక్కి వస్తుంది, అంటే లక్షన్నర చెల్లిన ఓట్లు పడితే 25,000 దాటాలి. ఆ దూరం చూస్తూ పనిచేస్తే మనిషి మళ్ళీ అదృష్టపు గుర్తు వెంట పడతాడు. ఈసారి చూడాల్సింది రెండే: ఆ మూడు స్కూళ్ళల్లో ఓటు పెరిగిందా, పక్కనున్న రెండు స్కూళ్ళకు పాకిందా.

గుర్తు దగ్గర మళ్ళీ వాదన జరిగింది. ఉచిత గుర్తుల్లో మూడు ఎంచుకుని ఇవ్వొచ్చు, ఒకటి పాత గుర్తులాంటిదే ఉంది. దాన్ని మొదట రాద్దామన్నారు ఆయన. నేను ఒప్పుకోలేదు. అలా వచ్చే ఓటు వేరే పార్టీకి వేయాలని వచ్చిన ముసలావిడ ఓటు, ఆమె ఓటు ఆమె అనుకున్న చోటికే వెళ్ళాలి. ఇంకో కారణం, అలాంటి ఓట్లు కలిస్తే ఆయన సొంత ఓటు ఎంతో మళ్ళీ తెలియకుండా పోతుంది. చివరికి దేన్నీ పోలని గుర్తును మొదట రాశారు, అదే వచ్చింది.

ప్రతిపాదకులు పది మందీ ఆ మూడు స్కూళ్ళ ఓటర్లే. జాబితాలో భాగం నంబరు, వరస నంబరు కొత్త ఓటరు జాబితా చూసి రాశాం, పాత ఓటరు కార్డు చూసి రాయలేదు. ఫారం 26లో ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు, లేనిచోట "లేదు", వర్తించనిచోట "వర్తించదు" అని రాశాం. ఖాళీలుంటే నామినేషన్ తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. పార్టీ అభ్యర్థి అని చూపే ఫారం ఎ, ఫారం బి ముందు రోజే ఇచ్చేశాం. పోలింగ్ ఏజెంట్లను నియోజకవర్గమంతా వెతకలేదు, ఐదు స్కూళ్ళల్లో మాత్రం ప్రతి బూత్‌కూ ఒకరు ఉండేలా చూశాం. పోలింగ్ ముగిశాక, బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి కాపీలు వాళ్ళ చేతికొచ్చాయి. రిజిస్టరు రోజూ రాత్రి ఆయన కోడలు రాసింది. ఖర్చుల పరిశీలకుడి దగ్గర తనిఖీలకు అన్నిసార్లూ ఆమే వెళ్ళింది, ఒక్క ప్రశ్న కూడా మిగలలేదు. ఈ కేసులో అందరికంటే క్రమంగా పనిచేసింది ఆవిడే.

ఫలితం మే 13న. డిపాజిట్ పోయింది. మొత్తం ఓట్లు 2018 కంటే కొంచెం ఎక్కువ, 2013 కంటే బాగా తక్కువ. మూడు స్కూళ్ళల్లో ఓట్లు స్పష్టంగా పెరిగాయి, ఒక స్కూల్లో రెండు బూతుల్లో మూడో స్థానం వచ్చింది, గుర్తింపు ఉన్న ఒక పార్టీని దాటి. పక్క స్కూళ్ళల్లో ఒకదానికి కొద్దిగా పాకింది. ఇంకోదానికి అసలు పాకలేదు, ఆ స్కూలు పరిధిలో ఎక్కువ అద్దె ఇళ్ళు, ఈయన చేసిన పని తెలిసిన కుటుంబాలు అక్కడ మిగల్లేదు. ఖర్చుల లెక్క గడువుకు ముందే దాఖలైంది.

పార్టీ వైపు నుంచి ఒక సంగతి చెప్పాలి. 2025 ఆగస్టు, సెప్టెంబరులలో ఎన్నికల సంఘం ఆరేళ్ళుగా ఎక్కడా పోటీ చేయని నమోదిత పార్టీలను వందల సంఖ్యలో జాబితా నుంచి తీసేసింది. మొదటి విడతలో 334, తర్వాత 474. ఈయన పార్టీ పేరు వాటిలో లేదు, ఈయనా మరికొందరూ నిలబడుతూ వచ్చారు కాబట్టి. పదే పదే ఓడిపోయే అభ్యర్థుల మీద ఒక పార్టీ బతికుండటం ఆధారపడుతుంది. ఈ పట్టు ఉందని తెలిశాక, సొంత చోటు వదిలి ఎక్కడికీ వెళ్ళనని ఆయన పార్టీతో గట్టిగా చెప్పగలిగారు, పార్టీ ఒప్పుకుంది.

ఇలాంటి కేసు చేతికొచ్చిన తోటివాళ్ళకు నేను చెప్పేది, మొదట అభ్యర్థి సొంత జాబితాను ఫారం 7ఎతో సరిచూడండి, తర్వాత అన్నిటికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ఎన్నికను అనుమానంగా చూడండి. ఆ ఓట్లు ఎక్కడైనా పోగయ్యాయో, ఊరంతా పలచగా పరుచుకున్నాయో ముందు తేలాలి. నోటా ఉన్న ఎన్నికల్లో దాన్ని పక్కన పెట్టుకోండి. అభ్యర్థి తన గొప్ప అనుకోని పనుల గురించి విడిగా అడగండి, బూత్ పట్టికలో కనపడే గుట్టలకు కారణం తరచూ అక్కడే ఉంటుంది. ఖర్చుల లెక్క మాత్రం వీటన్నిటికంటే ముందు.

2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, వార్డుల హద్దులు మారాయి. ఆ మూడు స్కూళ్ళను కొత్త మ్యాపు మీద గుర్తించాం. రెండు ఒక వార్డులో, ఎక్కువ ఓట్లు పడిన మూడోది పక్క వార్డులో పడ్డాయి. రెండు స్కూళ్ళున్న వార్డులో నిలబడాలని ఆయన ఉద్దేశం. మూడోదాని పక్క వీధుల ఓటరు జాబితా కూడా చూశాకే తేలుద్దామని నేనన్నాను. కోడలు ఆ జాబితా ఇంటింటికీ తిరిగి సరిచూస్తోంది.